లీటరుకు ఎన్ని బిందెలు

కళ్యాణదుర్గంలో పాత బండ్లు అమ్మే నాగన్న షెడ్డు ముందు రెండు పికప్‌లు నిలబడి ఉన్నాయి. తెల్లదానిది చిన్న ఇంజను. నీలందానిది పెద్ద ఇంజను. సుంకమ్మ తెల్లదాని చుట్టూ తిరిగింది. ఆమె మరిది తిప్పేష్ నీలందాని చుట్టూ తిరిగాడు. ఈ వదినా మరుదులకు ఇవాళ పొసగదని నాగన్నకు అప్పుడే అర్థమైపోయింది.

రెండువేల మూడు ఎండాకాలం అది. మిట్ట మీది కాలనీలో ఉన్న బోర్లన్నీ ఎండిపోయాయి. సర్కారు ట్యాంకరు ఆఫీసరు జీపు వచ్చిన రోజు మాత్రం వచ్చేది. జీపు వెనక్కి తిరిగితే అదీ తిరిగేది. మిట్ట కింద చీనీ, అంటే బత్తాయి, తోట ఉన్న జయరాం, తన తోటకు పోను రోజూ ఒక తొట్టి నిండా నీళ్లు వాడుకోమన్నాడు. మంచి మాటే. కానీ నీళ్లు తమంతట తాము మిట్ట ఎక్కవు కదా! తలమీద మోసి మోసి ఆడవాళ్ల మెడలు పట్టేశాయి. కొన్ని ఇళ్లకు అప్పటికే తాళాలు పడ్డాయి. ఆ ఇళ్లవాళ్లు బెంగళూరులో మట్టి పనికి పోయారు. వీధి చివరి ఇంట్లో కృపాకుమారి కూడా మూట కట్టి పెట్టుకుంది. బండి మీద నీళ్లొస్తే ఉంటాను, లేకుంటే పోతాను అని సుంకమ్మ మొహానే చెప్పింది. పొదుపు సంఘానికి సుంకమ్మే పెద్ద. కృపాకుమారి కదిలితే ఆమె వెనక ఎవరెవరు కదులుతారో సుంకమ్మకు తెలుసు. అందుకే సంఘం తరఫున బండి కోసం వచ్చింది.

"బండికి దమ్ముండల్ల వదినా," అన్నాడు తిప్పేష్. బళ్లారి లారీల మీద చాన్నాళ్లు చేసి వచ్చినవాడు. "మన మిట్ట సంగతి నీకు తెల్దా? ఈ తెల్లదాన్ని మనమే యెనకనుంచి తోయల్ల."

"దమ్ముంటే సాలా? దానికి దినామూ డీజిలు ఎవురు పోస్తారు, మీ అత్తా?"

"మా అత్త మజ్జిగే పోయదు, ఇంగ డీజిలు యాడ పోస్తాది!"

నాగన్న పగలబడి నవ్వాడు. "ఇట్ల తెగదు గానీ, రెండూ తోలుకపోండమ్మా. నా డ్రైవరును తోడు పంపిస్తా. మీ మిట్ట మీదనే తిప్పి సూసుకోని, ఒగటి పెట్టుకోండి, ఒగటి తెచ్చియ్యండి."

పరీక్ష మరుసటి రోజు పెట్టారు. మెకానిక్కులు చేసే పద్ధతే. సీసాలో లీటరు డీజిలు పోసి, క్యాబిన్‌లో వేలాడగట్టి, సన్న గొట్టంతో ఇంజనుకు కలుపుతారు. సీసా ఎండి బండి ఆగేదాకా ఎంత దూరం పోతే అంత మైలేజీ. బండి ఖాళీగా ఉంటే పరీక్షేముంది, లోడు కావాలి. జయరాం చేనులో వేరుశనగ కట్టె వాము, అంటే కాయలు తీసేసిన ఎండు తీగల కుప్ప, ఉంది. కాలనీ ఆవులకు అది ఎట్లాగూ పైకి చేరాలి. దాన్నే ఎత్తారు. ఇంటెత్తు పేర్చి, మోకులు బిగించారు.

తెల్లది గుర్రుగుర్రుమంటూనే మిట్ట ఎక్కేసింది. దిగింది, మళ్లీ ఎక్కింది. నీలంది దర్జాగా ఎక్కింది గానీ, దాని సీసా చాలా ముందే ఎండిపోయింది.

"ఇది ఇంజనా, సారాయి అంగడి కాడ కూసున్న మా ముసలోడా?" అంది గంగక్క. సంఘంలో వయసులో పెద్దది, నోరూ పెద్దదే. ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు.

అంతెత్తు లోడుతో తెల్లది ఎక్కడం తిప్పేష్ తన కళ్లతోనే చూశాడు. "సరే, మీ ఇష్టం," అన్నాడు. నీలందాన్ని సాయంత్రం తోలి ఇచ్చేయమని సుంకమ్మ డ్రైవరుకు చెప్పింది. ఎండ తగ్గినాక పోతానని అతను బండి కింద పడుకున్నాడు.

ఈలోపు తెల్లదాంట్లో నీళ్ల డ్రమ్ములు ఎక్కించారు.

ఇక్కడే పొరపాటు జరిగింది. ఇది పుట్టుకతో వేరుశనగ తిని, వేరుశనగ మోసే సీమ. ఇక్కడి మనిషి బరువును కంటితో కొలుస్తాడు. ఎత్తుగా ఉంటే ఫుల్ లోడు. డ్రమ్ములు బండి పక్క పలకలను దాటి కాస్తే పైకి వచ్చాయి. పొద్దున చూసిన వాము ముందు ఇదొక లోడా అనిపించింది.

"సగం గూడా లేదు గదే సుంకమ్మా," అంది గంగక్క. "సందులున్నాయి సూడు. ఇంగో రెండు పెట్టండి."

సుంకమ్మ పెట్టించింది. తిప్పేష్ కూడా చేయి వేశాడు.

మిట్ట నడుమ మలుపు దగ్గర తెల్లది ముక్కింది. తిప్పేష్ ఫస్టు గేరుకు దించాడు. ఇంజను అరిచింది, నల్లటి పొగ కక్కింది, ఆగిపోయింది. బ్రేకు తొక్కినా బండి మెల్లగా వెనక్కి జారింది. ఆడవాళ్లు పరుగెత్తి చక్రాల వెనక రాళ్లు వేశారు. బండి నిలిచింది గానీ, ఆ కుదుపుకు వెనక తలుపు కొక్కెం ఊడి రెండు డ్రమ్ములు కింద పడ్డాయి. నీళ్లు ఎర్రమట్టిలో కాలువ కట్టి కిందికి పారాయి. పారే నీళ్లను నిలబడి చూడడమంటే ఏమిటో నీళ్లున్న ఊళ్లవాళ్లకు చెప్పినా తెలియదు.

మిగిలిన డ్రమ్ముల్లోంచి బిందెలతో ముంచుకుని అందరూ నడిచే ఎక్కారు. కృపాకుమారి ఒక బిందె తీసుకుంది.

"రేపు మాపిటేల బస్సుకు నేను పోతాండాను అక్కా. ఏమనుకోవద్దు."

"ఒగ దినం ఓర్చుకో."

"నీ బండే ఎక్కలేకపోయిండాది. నేను యాడ ఓర్చుకునేది?"

తిప్పేష్ గెలిచినవాడిలా మీసం దువ్వుకున్నాడు. "నేను మొదుట్నుంచీ సెప్తానే ఉండా. దమ్ము, వదినా, దమ్ము."

"నువ్వు నోరు మూసుకో. పొద్దున కట్టె ఎక్కితే నువ్వూ సరే అన్నోడివే."

నీలంది ఇంకా పోలేదు. దాన్ని ఆపించి సుంకమ్మ అరుగు మీద కూర్చుంది. మైలేజీ అన్నవాళ్లు అబద్ధం చెప్పలేదు, దమ్మన్నవాడూ చెప్పలేదు. మరి బండి ఎందుకు ఆగింది? ఎంత దూరం పోతుందని అడిగాం గానీ, ఏం మోసుకుపోతుందని అడగలేదు. కట్టె ఎంత ఎత్తు పేర్చినా తేలికే, నీళ్లు జానెడున్నా బరువే. తనకు కావలసింది దూరమా? మిట్ట ఉన్నచోటే ఉంది, తొట్టీ ఉన్నచోటే ఉంది. ఇన్నేళ్లుగా ఈ మిట్ట ఎక్కిన ఆడవాళ్లు ఒక పూట సంగటికి ఎన్ని బిందెలు మోశారో ఏ ఆఫీసరైనా కొలిచాడా? ఆమె మెడ సలుపుతోంది. ఆ సలుపులోంచే ఆలోచన వచ్చింది.

పొద్దున్నే అందరినీ పిలిచింది. "రెండిటికీ లీటరు లీటరు పోయండి. తెల్లదానికి అది ఎక్కగలిగినంతే, సగం డ్రమ్ములు. నీలందానికి నిండా. సీసా ఎండేదాకా నీళ్లు తోలల్ల. పైకొచ్చిన నీళ్లు బిందెల్లో పోసి వీదిలో వరసగా పెట్టండి. తెల్లదానివి ఎడం పక్క, నీలందానివి కుడి పక్క."

ఇంటింటి నుంచీ బిందెలు, కడవలు, ప్లాస్టిక్ కుండలు వచ్చాయి. తెల్లది మొదటి గేరులో ఏడుస్తూ ఎక్కేది, ఖాళీగా గంతులేస్తూ దిగేది. చాలాసార్లు తిరిగింది. నీలంది సీసా మళ్లీ ముందే ఎండింది.

"సూడు, నిన్నటి మాదిరే!" అని గంగక్క చేతులు తిప్పింది. "మింగింది, పడుకునింది."

"వరస జూసి మాట్లాడు పెద్దమ్మా," అంది సుంకమ్మ.

ఎడమ వరస వీధి నడుమ ఉన్న చౌడమ్మ ఇంటి గడప దగ్గర ఆగింది. కుడి వరస దాన్ని దాటి, తాళాలు పడ్డ ఇళ్లను దాటి, కృపాకుమారి గుమ్మం దాకా పోయింది. గంగక్క ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది, మళ్లీ నడిచింది. నోరు తెరవలేదు. అది ఆ కాలనీలో ఎప్పుడూ జరగని పని.

"నాగన్నకు తెల్లది ఇచ్చెయ్యి," అని మరిదితో అంది సుంకమ్మ. "నీలందాన్ని మాత్రం ఖాళీగా ఊర్లమ్మడి తిప్పినావంటే తాట తీస్తా. తారోడ్డు మీద ఖాళీగా తిరిగితే అది మన నోటికాడి డీజిలు తాగుతాది. కిందికి దిగేటప్పుడు గూడా తోట పనికి పోయే కూలోళ్లను ఎక్కించుకోని దిగల్ల."

"సరే వదినా."

కృపాకుమారి గుమ్మంలో నిలబడి చివరి బిందెనే చూస్తోంది. "ఇది ఎన్నాళ్లక్కా?"

సుంకమ్మకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "డీజిలు పోసినన్నాళ్లు. బండి ఒగ ఎండాకాలం గట్టెక్కిస్తాది. పైపు ఎయ్యాల్సినోళ్లు ఆఫీసులో ఫ్యాను కింద కూసోనుండారు. సోమవారం ఈ బండెక్కే అందరం ఆడికి పోవల్ల. ఖాళీ డ్రమ్ములతోనే."

కృపాకుమారి బిందె ఎత్తి చంకన పెట్టుకుని లోపలికి పోయింది. పొయ్యి రాజేసింది. సంగటి చేసే గిన్నె మూట అడుగున ఉండిపోయింది. మూట విప్పకుండా అది బయటికి రాదు. ఆమె గొణుక్కుంటూ ముడి పళ్లతో లాగింది.