డెక్సానా, ప్రెడ్నిసొలోనా

కూతురు తెన్రికి రక్త క్యాన్సరని తెలిసిన రోజు నుంచీ రాహే ఏడవలేదు. ఇండోనేషియాలోని మకస్సర్ ఊళ్ళో సముద్రపు ఒడ్డున అరటిపళ్ళు కాల్చి అమ్ముకునే మనిషి, ఇప్పుడు పిల్లల వార్డులో ఆ పిల్ల మంచం పక్కనే చాప వేసుకుని ఉంటోంది.

డెక్సా అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాక తొమ్మిదేళ్ళ తెన్రి వేరే పిల్లయిపోయింది. తెల్లారకముందే ఆకలంటుంది. చోతో అనే మాంసం పులుసు కావాలంటుంది, తెచ్చాక గిన్నె విసిరేస్తుంది. నిన్న తల్లి చేతిని కొరికింది. పంటిగాట్లు చూసి నర్సు కంగారుపడింది గానీ, రాహేకి నొప్పే తెలియలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది.

తెన్రి నిద్రపోతోందనుకుని డాక్టర్ మార్లిన్ మంచం దగ్గరే మాట కదిపింది. మందు మార్చవచ్చంది. ప్రెడ్నిసొలోన్ కూడా అదే జాతి మందట. డెక్సా మెదడు దాకా బాగా వెళ్ళి అక్కడ దాక్కున్న జబ్బునూ పట్టుకుంటుందట, కానీ పిల్లలకి నిద్ర పట్టదు, కోపం పెరుగుతుంది, ఇన్ఫెక్షన్లు సోకుతాయి. రెండోది మెత్తనిదే, కాకపోతే మెదడులో జబ్బు తిరగబెట్టే భయం కాస్త ఎక్కువ.

"మీ పిల్లయితే ఏది వేస్తారు డాక్టరమ్మా?"

మార్లిన్ తెన్రి మీది దుప్పటి సర్దింది. "జబ్బుని చూస్తే డెక్సా. పిల్లని చూస్తే రెండోది. నిజం చెప్తున్నా తెన్రి వాళ్ళమ్మా, నాకూ తేలడం లేదు."

రాహే కిటికీలోంచి చూసింది. కింద ఎవరో ఆటో కడుగుతున్నారు. ఏదో ఒకటి అనుకోవాలని ఉంది గానీ లోపల ఏమీ కదల్లేదు.

దుప్పటి కింది నుంచి తెన్రి గొంతు వినిపించింది. "అమ్మా, ఆ రెండోది వేసుకుంటే నిన్ను కొట్టకుండా ఉంటానా?"

"కొడితే కొట్టు. నాకేం కాదు. ఇదే వేసుకుందాం."

అలా డెక్సానే సాగింది. పిల్ల మొహం గుమ్మడిపండులా ఉబ్బింది. అరిచింది, తన్నింది, ఆ తర్వాత తల్లి మెడ పట్టుకుని ఏడ్చింది. ఒకసారి జ్వరం పట్టుకుంటే రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకిందని మార్లిన్ రోజంతా అక్కడే ఉండిపోయింది. అదీ గడిచింది. మాత్రలు మెల్లగా తగ్గించి ఆపేశారు.

వెన్నులోంచి తీసిన నీళ్ళలోనూ, రక్తంలోనూ జబ్బు కనిపించలేదని చెప్పి మార్లిన్ రాహేని గట్టిగా కౌగలించుకుంది. ఇంకా చాలా మందులున్నాయనీ, ఇది మొదటి మెట్టేననీ కూడా అంది. రాహే చేతులు రెండు పక్కలా వేలాడుతూనే ఉన్నాయి. సంతోషపడాలని ఆమెకు తెలుసు.

"అయితే ఇవాళ పిల్లకి స్నానం చేయించొచ్చా?" అని మాత్రం అడిగింది.

చేయించొచ్చంది మార్లిన్. రాహే బకెట్ తీసుకుని నీళ్ళకి వెళ్ళింది.