లేని మరక

నేను ఒక రబ్బరు బ్లోయర్ని. అరచేతిలో ఇమిడే బుర్ర, ముందు సన్నటి ముక్కు. నొక్కితే గాలి కొడతాను, అంతే నా చదువు. ఆ గాలి ఎక్కడ కొట్టాలో తెలిసిన మనిషి మాత్రం నాకు దొరకలేదు.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో మూతికి గుడ్డ కట్టుకోకుండా నన్నెవరూ ముట్టుకునేవారు కాదు. లోకమంతా అంత శుభ్రంగానే ఉంటుంది కాబోలనుకున్నాను. అక్కణ్ణుంచి కాకినాడలో కెమెరాల షాపుకొచ్చాను. పిఠాపురంలో ఫొటో స్టూడియో నడిపే నూకరాజు నన్ను కొన్నాడు. షాపాయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు: "లెన్సు తీస్తే లోపల తపాలా బిళ్ళంత పలక ఉంటదండి, సెన్సరంటారు. బొమ్మ పడేది దానిమీదే. దానిమీద నలుసు పడిందంటే ప్రతి ఫొటోలోనూ మచ్చే. కెమెరా నోరు కిందికి పెట్టి దీంతో నాలుగు సార్లు కొట్టండి, రాలిపోద్ది." నూకరాజు తలూపాడు. ఆ తల ఊపడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదని అప్పటికి నాకు తెలియదు.

తెచ్చి నాతో చీమల్ని తోలాడు. కీబోర్డు సందుల్లో జంతికల పొడి ఊదించాడు. సాంబ్రాణి బొగ్గులు కూడా రాజేయించాడు. సెన్సర్ జోలికి మాత్రం పోలేదు. అలాగని కెమెరా అంటే భక్తి లేదా? బోలెడంత. దసరాకి ఆయుధపూజ అని లెన్సునీ కెమెరానీ విడదీసి, పక్కపక్కన కూర్చోబెట్టి, రెండింటికీ బొట్లు పెట్టాడు. నోరు తెరుచుకున్న కెమెరాలోకి కుంకుమ రాలింది. కళ్ళు మూసుకుని దండం పెడుతున్నవాడికి అదెలా కనబడుతుంది?

ఆ వారంలోనే ఉప్పాడ నుంచి పళ్ళాలమ్మ వచ్చింది. మరదలితో కలిసి ఏడు నెలలు మగ్గం మీద కూర్చుని నేసిన తెల్ల జాందానీ చీర తెచ్చింది. రాష్ట్రస్థాయి చేనేత పోటీకి ముందు ఫొటో పంపాలట, నచ్చితే చీర తెమ్మంటారట. శుక్రవారం ఆఖరు.

నూకరాజు చీర వేలాడదీసి ఫొటో తీశాడు. కంప్యూటర్లో చూస్తే చెంగు మీద మచ్చ. చొక్కా అంచుతో లెన్సు పదిసార్లు తుడిచి మళ్ళీ తీశాడు. మచ్చ అక్కడే ఉంది. సొరుగులోంచి చూస్తూ నాకు ఒళ్ళు మండిపోయింది.

"చీర మీద మరకుందండి పిన్నిగారూ," అన్నాడు.

"నాకేం కనపట్టంలేదు బాబూ."

"మీ కళ్ళకి ఆనదండి. ఇది జపాన్ కెమెరా. దీనికి ఆనుద్ది."

ప్రతి పోగూ తన వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చిన మనిషి, తన కళ్ళను కాదని వీడి మాట నమ్మింది. వాడి మీద అసహ్యం సరే, ఆవిడ మీద కూడా నాకు కోపమొచ్చింది.

గురువారం మళ్ళీ వచ్చింది. కుంకుడు రసంతో, నిమ్మచెక్కతో మూడు రోజులు రుద్దిందట. చెంగు మీద రూపాయి బిళ్ళంత మేర పోగులు తెగి, పీచు లేచి, జరీ పువ్వు సగం ఊడిపోయింది. నూకరాజు ఫొటో తీశాడు. ఆ చిరుగుకు జానెడు పక్కన అదే మచ్చ.

పళ్ళాలమ్మ కంప్యూటర్ తెరలోకి వంగి చూసింది. "ఇంకోటి కూడా ఉందా అండి? రేపే కదా ఆఖరు, రాత్రికి దీన్నీ రుద్దుకొస్తాను."

అప్పుడు తెల్లబోయాడు నూకరాజు. సొరుగు లాగి నన్ను తీశాడు. లెన్సు ఊడదీసి, కెమెరా బోర్లించి, నాలుగు సార్లు కొట్టాడు. బల్ల మీద ఎర్రటి నలుసు రాలింది. దాన్ని బొటనవేలితో తుడిచేసి ఇంకో ఫొటో తీశాడు. మచ్చ లేదు.

"రుద్దకుండానే పోయిందేంటండి?" అందావిడ.

నూకరాజు నన్ను సొరుగులోకి తోసి, "వెల్తురు తేడా అండి, అంతే," అన్నాడు.

ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. తెగిన పోగులు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి. పళ్ళాలమ్మ తెర మీద ఆ చోట వేలు పెట్టింది.

"ఇది మాత్రం నా చేతులారా నేనే చేసుకున్నాను బాబూ," అంది.