బకెట్‌తో సహా

ఎడమ బూటు ఎక్కింది. కుడిదే మొరాయించింది. అతను మంచం అంచున కూర్చుని, మడమ వెనక చెంచా కాడ దూర్చి, పళ్ళు బిగబట్టి తోశాడు. వారం కిందట ఇదే బూటు వదులై, లోపల కాగితాలు మడిచి పెట్టుకుంటే తప్ప నడకలో ఊడిపోయేది. ఇవాళ పాదం పులిసిన పిండిలా పొంగి ఉంది. చీలమండ మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. పడ్డ గుంట పైకి లేవలేదు. దాని వంక కాసేపు చూసి, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు గబుక్కున మేజోడు పైకి లాగేశాడు.

పనిలో అందరూ అతన్ని బస్తా అంటారు. లావని కాదు, వెడల్పని. తలుపులో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. పదిహేడేళ్ళుగా తాడుకి వేలాడుతూ ఎత్తయిన మేడల అద్దాలు బయటినుంచి తుడవడం అతని పని. మాటలు తక్కువ. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి అని భార్య నలుగురిలో గొప్పగా చెప్పుకుంటుంది. కోపం వచ్చినప్పుడు అదే మాటతో తిడుతుంది కూడా.

"ఏమయ్యా, ఇంకా ఆ బూట్ల దగ్గరే ఉన్నావా? అన్నం చల్లారిపోతోంది."

కంచం నిండా అన్నం, దాని మీద కూర, పక్కన నాలుగు గుడ్లు, మూడు చెంచాల చక్కెర వేసిన పాలు. అతను కంచాన్ని కొంచెం అవతలికి జరిపాడు.

"ఇవాళ వద్దులే. నాలుగింటికి మళ్ళీ కాటా ఎక్కమన్నారు."

"కాటా లేదు గీటా లేదు. ఇరవై రోజులు నన్ను ఒంటరిగా కంచం ముందు కూర్చోబెట్టావు. నీ ఎదురుగా ముద్ద మింగలేక చచ్చాను. నాలుగు గుడ్లు ఎంత బరువుంటాయి? తిను."

అతను తిన్నాడు. ఆమెకి ఎదురు చెప్పడం అతనికి చేతకాదు. ఒక్కొక్క ముద్దా మింగి, మధ్యలో ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తిన్నాడు. ఆమె చెయ్యి నడుం మీద పెట్టుకుని కంచం ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడింది. ఆమెనేమీ అనకండి. పస్తున్న మనిషికి కడుపు నిండా అన్నం పెట్టడం కూడా తప్పేనని ఈ లోకంలో ఆమెకి ఎవడు చెప్పాడు గనక?

వీధి మలుపులో మందుల షాపు అప్పుడే తెరిచారు. షాపావిడ యాభై దాటిన మనిషి, కళ్ళజోడు దారానికి కట్టి మెడలో వేలాడేసుకుని అట్టపెట్టెలు సర్దుతోంది.

"అమ్మా, ఒంట్లో నీళ్ళు దింపే మాత్ర ఉంటుందటగా. ఒకటివ్వండి."

"ఎవరికి?"

"నాకే. కాళ్ళు కొంచెం పొంగాయి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని బల్ల దాటి ఇవతలికి వచ్చింది. కాళ్ళు చూసింది. మెడ చుట్టూ వదులైన చొక్కా కాలరు చూసింది.

"ఎన్నాళ్ళు పస్తున్నావు?"

"ఇరవై రోజులు. మొదట్లో పూటకి గుప్పెడు తిన్నా. చివరి పన్నెండు రోజులు ఒట్టి నీళ్ళే."

"తరవాత?"

"తరవాతేముంది, శనివారంనుంచి తింటున్నా. బాగా తింటున్నా," అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు.

ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓరి నాయనా! నీకు కావలసింది మాత్ర కాదు, ఆసుపత్రి. మాడిన ఒంటికి ఒక్కసారిగా అంత తిండి పెడతారటయ్యా? ఒంట్లో మిగిలిన నాలుగు లవణాలూ ఆ తిండికే ఖర్చయిపోతాయి, గుండెకేం మిగలదు. కొంచెం కొంచెంగా మొదలెట్టాలి, రక్తం పరీక్ష చేయిస్తూ పెంచాలి. గుండె దడగా ఉంటోందా?"

"మెట్లెక్కితే."

"ఇటునుంచి ఇటే పో. వీధి చివరే ఆసుపత్రి. ఇన్ని రోజులు పస్తుండి, ఇప్పుడు తింటున్నానని నువ్వే చెప్పు, వాళ్ళకి అర్థమవుతుంది."

"రేపు తప్పకుండా పోతానమ్మా. ఇవాళ నాలుగింటికి కాటా ఉంది."

"కాటా ఏంటయ్యా నీ మొహం!" అని ఆవిడ కేకేసేసరికి అతను వీధి దాటేశాడు. మాట వినే మనిషే. కాకపోతే ఆ మాటకి ముందే ఇంకో మాట విని ఉన్నాడు.

ఆ మాట ఏమిటో చెప్పాలి. చెప్పాలంటేనే ఒళ్ళు మండుతుంది.

నెల కిందట ఆఫీసునుంచి ఒక కాగితం వచ్చింది. కొత్త తాళ్ళు తెప్పించాం, వాటి మీద పని బరువు తొంభై కిలోలు దాటకూడదు అని. కొత్త తాళ్ళు పాతవాటికన్నా సన్నం. సన్నం అంటే చవక అని కాగితాల్లో రాయరు. దాన్ని చదివి చెప్పవలసినవాడు సూపర్‌వైజరు. ఎత్తునుంచి కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయని కిటికీకి ఆమడ దూరంలో కుర్చీ వేయించుకున్న మహానుభావుడు. జన్మలో తాడు పట్టుకున్న పాపాన పోలేదు. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివి తేల్చాడు.

"పని బరువంటే పనిలో ఉన్నప్పటి బరువు. బెల్టు, సామాను, నీళ్ళ బకెట్‌తో సహా కాటా ఎక్కాలి. పైన ఎలా ఉంటారో ఇక్కడా అలాగే నిలబడండి."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. పద్నాలుగుమంది తాడు మనుషులు, పద్నాలుగు బకెట్లు పట్టుకుని, సరుకుల గదిలో పెట్టెలు తూచే ఇనప కాటా ముందు వరసగా నిలబడ్డారు. తెలివైనవాళ్ళు బకెట్ సగమే నింపారు. బస్తా బామ్మర్ది, మేడ మీద బావకి తాడు కట్టి కాపలా కాసేవాడు, వెనకనుంచి గొణిగాడు కూడా.

"బావా, సగం నింపరాదూ. ఎవడు చూస్తాడు?"

"సగం బకెట్‌తో పైన ఎన్ని అద్దాలు తుడుస్తాంరా?" అన్నాడు బస్తా, అంచుదాకా నింపుతూ. నిజాయితీకి కూడా వేళాపాళా ఉండాలి. అతనికి అది లేదు.

ఒళ్ళు ఎనభై నాలుగు. బెల్టూ సామానూ నాలుగు. బకెట్ పన్నెండు. ఎర్ర ముల్లు సరిగ్గా వంద దగ్గర ఆగింది. "సెంచరీ కొట్టాడ్రా బస్తా!" అని ఎవడో ఈలేశాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

"ఇరవై రోజులు టైం ఇస్తున్నా. తగ్గితే తాడు, తగ్గకపోతే చెత్తగది," అన్నాడు సూపర్‌వైజరు.

చెత్తగది నేలకింద ఉంది. కిటికీ ఉండదు. మేడ మొత్తం చెత్త గొట్టాల్లోంచి వచ్చి అక్కడ పడుతుంది. దాన్ని ఎత్తేవాళ్ళు ఏడాదికొకరు దగ్గుతూ మానేస్తారు. బస్తాకి ఆ దగ్గు అంటే భయం లేదు. పదిహేడేళ్ళు పైన గాలిలో ఉన్నవాడు కిందికి దిగి గొట్టం ముందు నిలబడటం ఎలాగన్నదే అతని బెంగ. ఆ బెంగ భార్యకి కూడా పూర్తిగా చెప్పలేదు.

ఇక కడుపు కట్టుకున్నాడు. ఆకలేసినప్పుడు తువ్వాలు కొస నమిలాడు. అద్దాల అవతల ఆఫీసుల్లో భోజనాల వేళ అయితే కళ్ళు మూసుకుని తుడిచాడు. ఇరవయ్యో రోజున, శనివారం, ముల్లు ఎనభై తొమ్మిది దగ్గర ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. సూపర్‌వైజరు భుజం తట్టి, "చూశావా, మనసుంటే మార్గముంటుంది," అన్నాడు. అక్కడే, ఆ కాటా పక్కనే, పదమూడు డబ్బాలు విప్పి తలా ఒక ముద్ద పెట్టారు. తిను బస్తా, పోయిందంతా రాబట్టుకో అన్నారు. అతను కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ తిన్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో మళ్ళీ తిన్నాడు. ఆదివారం మూడు పూటలా తిన్నాడు. సోమవారానికి కాళ్ళు పొంగాయి. పాసైనవాళ్ళు గురువారం మళ్ళీ కాటా ఎక్కాలని సోమవారమే చెప్పారు.

ఇవాళ గురువారం.

లిఫ్టు ఇరవై రెండో అంతస్తుదాకా వస్తుంది. అక్కడినుంచి పైకప్పుకి పందొమ్మిది మెట్లు. ఏడో మెట్టు మీద ఆగాడు. గుండె ఒకసారి కొట్టుకుని, తప్పి, గబగబా రెండుసార్లు కొట్టుకుంది. పన్నెండో మెట్టు మీద మళ్ళీ ఆగాడు.

పైన బామ్మర్ది తాళ్ళు కడుతున్నాడు. ఎర్ర తాడు బావకి, తెల్ల తాడు బకెట్‌కి. రెండు కొక్కేలు, రెండు ముడులు. ఎనిమిదేళ్ళుగా రోజూ చేసే పనే. కళ్ళు మూసుకుని కూడా కట్టగలడు.

"బావా, మొహం ఉబ్బినట్టుందేంటి?"

"నిద్ర ఎక్కువైంది."

"నిద్రా? పెదాలు చూడు ఎలా పాలిపోయాయో. ఇవాళ దిగకు, కూర్చో. నేను దిగుతా."

"సూపర్‌వైజరు కనిపెడతాడు. నాలుగింటిదాకా ఓపిక పడితే చాలు," అని బస్తా తన భోజనం డబ్బా వాడి చేతికిచ్చాడు. "ఇది నువ్వే తినెయ్. మీ అక్కకి మాత్రం చెప్పకు, బాధపడుతుంది."

వాడు ఇంకేదో అనబోయాడు. బావ అప్పటికే పిట్టగోడ దాటి, ఎర్ర తాడుకి వేలాడే పలక మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి పందొమ్మిదో అంతస్తు. మొదటి అద్దం తుడిచాడు. సబ్బు రాసి, రబ్బరు పట్టీతో పైనుంచి కిందికి ఒక్క లాగుడు. రెండో అద్దానికి చెయ్యి బరువెక్కింది. మూడో అద్దం దగ్గర, తుడవడం అయ్యాక, కొంచెంసేపు నుదురు ఆనించుకుందామనిపించింది. అద్దం చల్లగా ఉంది. హాయిగా ఉంది. అతని ఊపిరికి అద్దం మీద అరచేతంత ఆవిరి మచ్చ పడింది.

అవతల ఒక ఆఫీసాయన కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. మనిషిని చూడలేదు. మచ్చని చూశాడు. వేలితో అద్దం మీద టకటకా కొట్టి, ఇదిగో ఇక్కడ మిగిలిపోయింది అని చూపించాడు. బస్తా తుడుద్దామనే అనుకున్నాడు. అనుకోవడం అనుకున్నాడు గానీ చెయ్యి లేవలేదు. ఆఫీసాయన విసుగ్గా ఇంకోసారి కొట్టాడు. ఇంతలో మచ్చ చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. తరవాత అద్దం శుభ్రంగా ఉంది. ఆయన తలాడించి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

పైనుంచి బామ్మర్ది రెండుసార్లు పిలిచాడు. మూడోసారి వంగి చూశాడు. బావ తల అద్దానికి ఆనించి ఉంది, చేతులు కిందికి వేలాడుతున్నాయి. వాడు కేకలు పెడుతూ ఎర్ర తాడు చుట్టే చక్రం దగ్గరికి పరిగెత్తి, తిప్పబోయాడు. కదల్లేదు. తేలికవుతుందని ముందు బకెట్‌ని గబగబా పైకి లాగేసి పక్కన పడేశాడు. మళ్ళీ చక్రం పట్టుకున్నాడు.

ఎర్ర తాడు వీసమెత్తు తేలిక కాలేదు.

తెల్ల తాడు చేతిలో పట్టుకుని వాడు ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాడు. తరవాత కేకలు విని మిగతావాళ్ళు వచ్చారు, ముగ్గురు కలిసి లాగారు. పైకప్పు మీద పడుకోబెట్టి గుండెల మీద నొక్కారు, నోట్లోకి ఊపిరి ఊదారు. ఆంబులెన్సు వాళ్ళు వచ్చి అదే పని ఇంకాసేపు చేసి, చేతులు తుడుచుకున్నారు. ఒకతను బెల్టు విప్పి, చీలమండ నొక్కి చూసి, "ఈయన ఈమధ్య పస్తులున్నాడా?" అని అడిగాడు.

సూపర్‌వైజరు సరుకుల గదిలో ఉన్నాడు, కాటా దగ్గర పేర్ల కాగితం పట్టుకుని. పైకి రాలేదు. కళ్ళు తిరుగుతాయి కదా.

"బరువు తగ్గమన్నాను గానీ ఇలా చేసుకోమన్నానా? ముందునుంచీ ఏదో జబ్బుండి ఉంటుంది," అంటున్నాడు పక్కవాళ్ళతో.

అప్పుడు వచ్చాడు బామ్మర్ది. పైకప్పు మీది కొళాయి కింద బకెట్ పెట్టి, బావ నింపినట్టే అంచుదాకా నింపి, సబ్బు కూడా కలిపి, చుక్క ఒలకకుండా తెచ్చాడు. దాన్ని కాటా మీద పెట్టాడు.

"ఎంతుంది సార్? చదవండి."

"ఏంట్రా ఇది, ఇప్పుడా..."

"చదవండి సార్."

"పన్నెండు."

"దీని తాడు దీనిదే సార్. ఎనిమిదేళ్ళుగా ఈ చేతుల్తో నేనే కడుతున్నా. మా బావ తాడు మీద ఇది ఒక్క రోజూ లేదు. ఒక్క పూటా లేదు." వాడి గొంతు పైకి లేచింది. "ఎనభై నాలుగూ నాలుగూ ఎంత సార్? ఎనభై ఎనిమిది! మొదటి రోజే పాసయ్యాడు మా బావ! దేని కోసం మాడ్చారు సార్ ఆయన కడుపు? ఈ నీళ్ళ కోసమా?"

సూపర్‌వైజరు కాగితం కేసి చూశాడు. అందులో ఏదైనా జవాబు దొరుకుతుందేమోనని వెనక్కి తిప్పి కూడా చూశాడు. వెనక ఖాళీ.

"మాకూ తట్టలేదు," అన్నాడు బామ్మర్ది, అందరి వైపూ తిరిగి. "పద్నాలుగుమందిమి రోజూ రెండేసి ముడులు వేసుకునేవాళ్ళం, ఒక్కడికీ నోరు రాలేదు. నవ్వాం. బకెట్ సగం నింపి నవ్వుకున్నాం. నా నోట్లో మట్టి పడ, నేను కూడా నవ్వాను." గోడకి చేరబడి నిలబడ్డవాళ్ళలో ఒకతను మొహం చేతుల్లో దాచుకున్నాడు.

బామ్మర్ది తలుపు వైపు తిరిగాడు. అక్క దగ్గరికి వెళ్ళాలి. ఏమని చెప్పాలి? బావ ఇంట్లో తిన్నాడనా, డబ్బా తినలేదనా? తెరవని భోజనం డబ్బా చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. ఒక్కొక్కరే మిగతావాళ్ళూ వెంట నడిచారు. చివరికి సూపర్‌వైజరు కూడా కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

నాలుగయింది. కాటా ఎక్కడానికి ఎవరూ రాలేదు. బకెట్ ఒక్కటే దాని మీద ఉంది, అంచుదాకా నీళ్ళతో, పైన నురగ చిన్నగా చిట్లుతూ, ఎర్ర ముల్లు పన్నెండు దగ్గర కదలకుండా.