వేన్నీళ్ళలో ఉన్ని

తడిసిన ఉన్ని వాసన.

గొర్రెల మంద వానలో తడిసి వచ్చి వాకిట్లో నిలబడినట్టు... ఇల్లంతా అదే వాసన.

చేవెళ్ళ దాటాక, జొన్నచేల చివర, ఒంటి గది ఇల్లు. వాకిట్లో షాబాద్ బండ. బండ మీద కుంకుడు నురుగు. నురుగులో మారెమ్మ చేతులు.

నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. ఆ సంగతి ఆ చేతులకు తెలియదు.

పెద్దరోగం — కుష్ఠు — వచ్చి, నయమైన చేతులు అవి. రోగం పోతూ పోతూ స్పర్శను కూడా పట్టుకుపోయింది. ఎడమచేతి చివరి రెండు వేళ్ళు లోపలికి ముడుచుకుని అట్లాగే ఉండిపోయాయి. అందుకే నీళ్ళ వేడిని మోచేతితో చూసుకుంటుంది. మోచేతికి ఇంకా తెలుస్తుంది.

మొగుడు బాలప్ప విషజ్వరంతో పోయిన ఏడాదే ఆమె ఒంటి మీద మచ్చలు బయటపడ్డాయి. రెండేళ్ళ మేరీని తమ్ముడు సాముయేలు చేతుల్లో పెట్టి, ఎక్కడో దూరాన ఉన్న దవాఖానకు వెళ్ళింది. ఎనిమిదేళ్ళు. వారం వారం సూదులు. వారం వారం ప్రార్థనలు.

అక్కడే ఒక దొరసాని, కొనకు కొక్కెం ఉన్న సూది ఇచ్చి ఉన్ని అల్లడం నేర్పింది. వదులుగా అల్లాలి. కావలసిన దానికంటే పెద్దగా అల్లాలి. వేన్నీళ్ళలో ముంచి, నురుగుతో రుద్దాలి. రుద్దిన కొద్దీ ఉన్ని దగ్గరికి జరుగుతుంది. పోగును పోగు పట్టుకుంటుంది. కన్నాలు మూసుకుపోతాయి. పలచటి అల్లిక, చూస్తుండగానే, దళసరిగా, వెచ్చగా, ఒక్క ముద్దగా అయిపోతుంది. అప్పుడిక కత్తిరించినా ఊడదు.

పందొమ్మిది వందల ముప్పై ఏడులో ఆమెకు చీటీ ఇచ్చి పంపించారు. ఈమె వల్ల ఇక ఎవరికీ రోగం రాదు — అని రాసి ఉంది.

ఆ చీటీని ఎవరూ చదవలేదు.

సాముయేలు ఆమెను మొయినాబాదులోని తన ఇంటికి తీసుకుపోలేదు. నాయన కట్టిన ఈ చేని ఇంట్లో దింపాడు. దింపి, తంగేడు పొద దగ్గర, దూరంగా నిలబడ్డాడు.

"పిల్ల ఎట్లున్నది?" అని అడిగింది మారెమ్మ.

"మంచిగున్నది అక్కా. బడికి పోతున్నది."

"నన్ను అడుగుతదా?"

సాముయేలు తల దించుకున్నాడు.

"నువ్వు పోయినవని చెప్పిన. నిజం చెప్తే పిల్లను ఎవలు దగ్గరికి రానిస్తరు? నా తోని గాలే అక్కా..."

మారెమ్మ తాను చచ్చిపోయిన కబురు విన్నది. విని, పొయ్యి రాజేసుకుంది.

ఆ ఇంట్లో రోజులు గడవవు. గడవని రోజుల్ని అల్లడం మొదలుపెట్టింది.

గొర్లకాపరి ఎంకమ్మ బొచ్చు కత్తిరించినప్పుడల్లా ఒక మూట దడి మీద పెట్టిపోయేది. మారెమ్మ ఏకి, వడికి, అల్లి, వేన్నీళ్ళలో రుద్దేది. పీట మీద వేసుకునే నల్లటి గుండ్రటి చాప. గోడకు, తెల్ల ఉన్నితో తంగేడు పూలు అల్లిన పరద. కుండకు కుదురు. తలగడకు గలీబు. గడపలో కాళ్ళు తుడుచుకునేది ఒకటి.

ఇల్లు నిండింది. మనుషులు తప్ప.

"ఇన్ని చాపలు ఎవలకే?" అని ఎంకమ్మ దడి అవతలి నుంచే అడిగింది ఒకసారి.

"ఎవలన్న వస్తే కూసుంటరు గదా."

ఎవరూ రాలేదు. ఎండాకాలం వచ్చింది. వాన వచ్చింది. చలి వచ్చింది. నెలకొకసారి సాముయేలు వచ్చి, జొన్నల సంచి తంగేడు పొద దగ్గర దించి పోయేవాడు.

అట్లా ఆరేళ్ళు.

ఒకనాడు సంచి దించి కూడా అతను పోలేదు.

"మేరీకి లగ్గం కుదిరింది అక్కా. పిల్లగాడు స్వామిదాసు. మా ఊళ్ళెనే. మంచోళ్ళు."

మారెమ్మ లేచి నిలబడింది.

"నువ్వు... రావద్దు."

"రాను తియ్."

"తప్పు పట్టకు అక్కా."

"రానంటి గదా, సాముయేలూ."

మూడు నెలలు అల్లింది. మంచమంత దుప్పటి. నడిమి అంతా నలుపు, అంచు తెలుపు. ఒకేసారి రుద్దడానికి బండ చాలలేదు. సగం సగం ముంచి, సగం సగం రుద్దింది. సాముయేలు దాన్ని బండిలో వేసుకున్నాడు.

"గొంగళ్ళు నేసే కుర్మోళ్ళ తాన కొన్ననని చెప్త."

"ఏమన్న చెప్పు. చలికాలం కప్పుకొమ్మను."

లగ్గం రోజు పొద్దున్నే నీళ్ళు కాచింది. కాచాక గుర్తొచ్చింది — రుద్దడానికి ఇంట్లో ఏమీ లేదు. నీళ్ళు చల్లారే దాకా వాటి ముందే కూర్చుంది.

మరో రెండేళ్ళు పోయాయి.

శ్రావణ మాసం. మబ్బు పట్టిన పగలు. మారెమ్మ ఇంట్లోనే, తెరిచిన తలుపు ఎదుట, తొట్టిలోకి మరిగిన నీళ్ళు వంచుతోంది. ఒక ఎడ్లబండి వచ్చి ఆగింది. ఒక చిన్నది దిగింది. నిండు కడుపు. నడుము మీద చెయ్యి వేసుకుని మెల్లగా గట్టు దిగింది.

బాలప్ప కనుబొమలు. బాలప్ప నడక.

మారెమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. చేతులు దాచుకోవాలనిపించింది. గభాలున రెండు చేతులూ తొట్టి నీళ్ళలో ముంచేసింది.

"దుప్పట్లు చేసేది నువ్వేనా?" అంది వచ్చిన పిల్ల. "మా ఇంట్ల ఒకటున్నది. నేసింది కాదు, అల్లింది. మా మామ కుర్మోళ్ళ తాన కొన్నన్నడు. కుర్మోళ్ళేమో మాది కాదన్నరు. చేవెళ్ళ అవతల ఒకామె చేస్తదన్నరు."

"దగ్గరికి రాకు బిడ్డా. నాకు పెద్దరోగం వచ్చి పోయింది."

"తెలుసు. అదీ చెప్పిండ్రు."

చెప్పి, గడప దాటి లోపలికి వచ్చింది. గోడ మీది పరదను చూసింది. పీట మీద, నల్లటి చాప మీద కూర్చుంది. ఎనిమిదేళ్ళలో దాని మీద కూర్చున్న మొదటి మనిషి.

"బిడ్డను పండవెట్టే తొట్టెల్ల వేసెటానికి ఒకటి కావాలె. మెత్తటిది. చేస్తవా?"

"చేస్త."

అప్పుడు ఆ పిల్ల పొగలు చూసింది. పొగల కింద నీళ్ళు చూసింది. నీళ్ళలో చేతులు చూసింది.

"అయ్యో! కాలుతున్నయ్ గదా అవ్వా!"

కడుపు బరువు మరిచి లేచింది. వంగి, మారెమ్మ చేతుల్ని పట్టుకుని బయటికి లాగింది. తోలు ఎర్రగా కందిపోయింది. రేగుపండ్లంత బొబ్బలు లేస్తున్నాయి. కడవలో నీళ్ళు ముంచి పోసింది. మళ్ళీ ముంచి పోసింది. కొంగుతో మెల్లగా అద్దింది. ముడుచుకున్న వేళ్ళను తన అరచేతిలో పెట్టుకుని, ఊదింది.

మారెమ్మ చూస్తూ ఉండిపోయింది.

కూతురి చేతిలో తన చెయ్యి. వేడి తెలియలేదు. చలువ తెలియలేదు. ఆ పట్టు తెలియలేదు. రెండు కళ్ళూ అక్కడే పెట్టింది — ఒక్క క్షణం కూడా పోగొట్టుకోకుండా.

అవ్వా — అంది.

ముసలామెను పిలిచే అవ్వా? కన్నతల్లిని పిలిచే అవ్వా?

రెండింటికీ ఒకటే మాట. తాను పిలిచిన 'బిడ్డా' కూడా అంతే. దారిన పోయేవాళ్ళనైనా అట్లాగే పిలుస్తారు.

"వచ్చే నెల వచ్చి తీస్కపోత" అని చెప్పి ఆ పిల్ల బండెక్కింది.

బొబ్బలు మానడానికి పన్నెండు రోజులు. ఎంకమ్మ అప్పుడే కత్తిరించిన గొర్రెపిల్లల ఉన్ని తెచ్చి, మొదటిసారి దడి దాటి వచ్చి, చేతికిచ్చింది. పాలమీగడ లాంటి తెలుపు. మారెమ్మ అల్లింది. మోచేతితో చూసి, చూసి, గోరువెచ్చటి నీళ్ళలో రుద్దింది. పసిబిడ్డ వీపుకు ఒత్తుకోకూడదు. ముడి ఉండకూడదు. తనకు తెలియదు కాబట్టి చెంపకు ఆనించి చూసుకుంది.

నెల నిండక ముందే సాముయేలు వచ్చాడు. ఈసారి తంగేడు పొద దగ్గర ఆగలేదు. గడప దాకా వచ్చాడు.

"మేరీ వచ్చిందట గదా! ఏం చెప్పినవ్?"

"ఏం చెప్పలే."

"అత్తగారోళ్ళకు తెలిస్తే పిల్ల బతుకు ఏంగావాలె? అది ఇటియ్యి. నేనే ఇస్త."

మారెమ్మ తెల్లటి ఉన్నిని ఒడిలోనే ఉంచుకుంది.

"నువ్వు తీస్కపోకు. ఆమెనే రానీ."

"వస్తే చెప్తవా?"

"అడిగితే చెప్త."

"అక్కా..."

"చచ్చిపొమ్మంటే చచ్చిపోయిన గద తమ్మీ. ఇన్నేండ్లు. ఇగ ఇది నీ చేతికియ్య."

సాముయేలు చాలాసేపు గడపలోనే నిలబడ్డాడు. లోపలికి రాలేదు. వెనక్కీ పోలేదు. చివరికి రుమాలుతో ముఖం తుడుచుకుని బండి దగ్గరికి నడిచాడు.

నెల నిండింది.

వానలు పట్టుకున్నాయి. మొయినాబాద్ దారి బురదైంది. బండ్లు తిరగడం లేదు. కాన్పై ఉంటుందా... కాక ఉంటుందా... అడగడానికి మనిషి లేదు.

మారెమ్మ తలుపు తీసి పెట్టి కూర్చుంది. ఒడిలో తెల్లటి ఉన్ని.

ఆ పగలును మళ్ళీ మళ్ళీ తలుచుకుంటుంది. ఏమన్నది, ఎక్కడ కూర్చున్నది, ఎట్లా వంగింది. ఇన్ని రోజులకు ఒక సంగతి తట్టింది.

ముక్కూ మొహం తెలియని వాళ్ళు మొదట అడిగేది పేరే.

ఆ పిల్ల తన పేరు చెప్పలేదు.

మారెమ్మ పేరు అడగనూ లేదు...