ముప్పై ఎనిమిది ఫైళ్లు, రెండు చేతులు

స్వామికి కరెంటు పని రాదని ఆ కాగితంలో రాసుంది.

పుప్పాలగూడలో సగం అపార్ట్‌మెంట్లకు వైరింగ్ చేసిన మనిషి స్వామి. పంతొమ్మిదేళ్లు చేశాడు. ఏ గోడలో ఏ వైరు ఎటు పోతుందో ఆ ఇళ్లు కొన్నవాళ్లకు తెలియదు, స్వామికి తెలుసు. అవతలి దేశం నుంచి శవపేటికతో పాటు వచ్చిన కాగితం మాత్రం ఇలా అంది: "నైపుణ్యం లేని వ్యక్తి. తనకు తెలియని విద్యుత్ పనిలో చేయి పెట్టడం వల్ల మరణం."

స్వామి చెల్లెలు సరిత ఆ ముక్కలు వదిన వసంతకు తెలుగులో చదివి చెప్పింది. హైటెక్ సిటీలో తొమ్మిదో అంతస్తు. ఎముకలు కొరికే ఏసీ. ఎదురుగా, పనివాళ్లను పైదేశాలకు పంపే కన్సల్టెన్సీ మేనేజర్ ఆదర్శ్.

"మళ్ల సదువు," అంది వసంత.

సరిత మళ్లీ చదివింది.

"పని రాదన్నరా? మా ఆయనకా?"

"మాకూ చాలా బాధగా ఉందండి," అన్నాడు ఆదర్శ్. "కానీ అక్కడి లైసెన్సు బోర్డు ఆయన అర్హతను ఒప్పుకోలేదండి. మేమేం చేస్తాం చెప్పండి?"

ఏం చేశారో సరితకు తెలుసు. ఆమె కూడా ఆ ఆఫీసు ఉద్యోగే. బీటెక్ చదివి ఫైళ్లు అప్‌లోడ్ చేస్తుంది. హోదా పేరు మాత్రం గ్లోబల్ మొబిలిటీ అసోసియేట్. ఆ పేరు విని స్వామి వారం రోజులు నవ్వాడు.

అవతల లైసెన్సు లేనిదే వైరు ముట్టుకోకూడదు. లైసెన్సు రావాలంటే ఇక్కడ నేర్చిన పనిని అక్కడి బోర్డు గుర్తించాలి. అందుకు పని చేస్తున్న వీడియో పంపాలి. చందానగర్ కూలీల అడ్డా నుంచి ముప్పై ఎనిమిది మంది ఎలక్ట్రీషియన్లు వచ్చి కెమెరా ముందు కూర్చున్నారు. ముప్పై ఏడుగురు ఒకే తప్పు చేశారు. వైరు తొడుగును పళ్లతో వలిచారు. నిచ్చెన మీద ఒక చేత్తో గోడ పట్టుకుని పనిచేసేవాడికి నోరే రెండో చేయి. స్వామి ఒక్కడు కట్టర్‌తో శుభ్రంగా వలిచాడు. ముందుపళ్లు రెండూ ఎప్పుడో నిచ్చెన మీంచి పడి పోగొట్టుకున్నాడు మరి.

"ఇది బావుంది. మొహం కట్ చేసి చేతులుంచండి. అందరి ఫైళ్లలోనూ ఇదే పెట్టేయండి," అన్నాడు ఆదర్శ్ ఆ రోజు.

సరిత పెట్టింది. ఎడమ బొటనవేలి మీద కాలిన మచ్చ చూసి అన్న చేతులని గుర్తుపట్టి మరీ పెట్టింది. అన్న పనితనం అందరికీ అక్కరకొస్తోందని కాస్త గర్వపడింది కూడా.

స్వామి ముందుగా హెల్పర్‌గా వెళ్లాడు, లైసెన్సు వచ్చేదాకా సామాను మోయడానికి. ఈలోగా బోర్డులో ఎవరో ఆ మచ్చను ముప్పై ఎనిమిది సార్లు చూశారు. అందరిదీ మోసమని కొట్టేశారు. ఆ చేతులు ఎవరివో ఆయన ఫైలు కూడా.

స్వామికి పని వచ్చని అక్కడి కాంట్రాక్టర్‌కి మాత్రం తెలుసు. హెల్పర్ కూలికి ఎలక్ట్రీషియన్ దొరికాడు. కరెంటు ఆపకుండానే పైకప్పులోకి ఎక్కించాడు. స్వామి పోయాక, ఎక్కమని నేను చెప్పలేదన్నాడు.

"ఒక్క ఉత్తరం రాయండి సర్," అంది సరిత. "ఆ వీడియో మా అన్నదేనని, మిగతా ఫైళ్లలో పెట్టింది మనమేనని. బోర్డు రికార్డు మారుస్తుంది."

ఆదర్శ్ గొంతు తగ్గించాడు. "చదువుకున్నవారు, మీకు చెప్పాలా? వాటిలో చాలావరకు మీ లాగిన్ నుంచే వెళ్లాయండి."

మర్నాడు పొద్దున అడ్డాలో సరిత నిలబడి అంతా చెప్పింది. ఎవరి చేతిలో చాయ్ వాళ్ల చేతిలోనే చల్లారిపోయింది.

అడ్డా పెద్ద నరేందర్ ముందుకొచ్చాడు. "స్వామి చెల్లెవని నమ్మి కాగితాలన్నీ నీ చేతుల పెడితిమి. గిట్ల మా నోట్ల మట్టి కొడ్తవా?"

"కొట్టిన అన్నా. నేనే కొట్టిన."

ఇంకేమైనా సాకు చెబితే తిట్టడానికి వీలుండేది. నరేందర్ పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"ఇగ లొల్లి చేస్తే మల్ల అప్లై చెయ్యనిస్తరా?" అన్నాడు బాలు. "నాకు ఇద్దరు పోరగాండ్లున్నరు. జర సోంచాయించుండ్రి."

"చెయ్యి తమ్మీ, అప్లై చెయ్యి," అంది వసంత. ఆమె సరిత పక్కకు వచ్చి నిలబడింది. "మీ అన్న గిట్లనే చేసిండు. ఆయన ఇగ రాడు, నాకెరుకే. ఆయన పని నాకు వాపస్ కావాలె. గీ కాగితం పట్టుకొని నా బిడ్డకు ఏం చెప్పాలె? మీ నాయిన పని రాక సచ్చిండని చెప్పాల్నా?"

బాలు తల దించుకున్నాడు. నరేందర్ అందరివైపూ తిరిగాడు. "మొహాలు కోసేసి చేతులు పంపిండ్రు గద? మొహాలతోనే పోదం. ఆడనే, ఆ ఆఫీసు టవర్ ముంగట కూసొని పని చేసి చూపిద్దం. ఉత్తరం రాసేదాంక లేవద్దు."

సోమవారం పది గంటలకు, క్యాబులు బారులు తీరే వేళకు, ముప్పై ఏడుగురు టవర్ ముందు ఫుట్‌పాత్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ముందు తలా ఒక స్విచ్ బోర్డు, ఒక బల్బు. ముప్పై ఎనిమిదో బోర్డు దగ్గర స్వామి పనిముట్ల సంచి.

పైనుంచి రసజ్ఞ దిగొచ్చింది. సరిత పక్క సీటు పిల్ల. "ఆ ఫైళ్లలో పన్నెండు నా లాగిన్‌వండి, ఎవరడిగినా చెప్తాను," అని ఐడీ కార్డు తన బ్యాగులో పడేసి, ఫోన్ కెమెరా తెరిచింది.

టవర్ మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్ పుల్లయ్య సెక్యూరిటీ గదిలోంచి కేబుల్ లాక్కొచ్చాడు. "కరెంటు లేకుంటే ఏం పరీక్షరా? జరుగుండ్రి. నౌకరి పోతే మీతోనే అడ్డామీద నిలవడ్త."

అందరూ వైరు నోట్లో పెట్టుకున్నారు. సిగ్గుపడకుండా, కెమెరాకేసి చూస్తూ, పళ్లతో వలిచారు. ఒక్కొక్క బల్బూ వెలిగింది. ఎండలో ఆ వెలుగు ఎవరికీ పనికిరాదు. అయినా ఒక్కరూ ఆర్పలేదు.

స్వామి బోర్డు సరిత కట్టింది. చిన్నప్పుడు అన్న నేర్పిన పనే. హోల్డర్ వంకరగా వచ్చింది. "మీ అన్న జూస్తే నెత్తి మీద ఒక్కటి ఇస్తుండె," అంది వసంత. నవ్వబోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పోలీసు వ్యాను వచ్చింది. ఉత్తరం రాలేదు.

కానిస్టేబుల్ అరెస్టుల జాబితా రాయడం మొదలుపెట్టాడు. "పేరు? పని?"

"నరేందర్. ఎలక్ట్రీషియన్."

"బాలు. ఎలక్ట్రీషియన్."

వీడియో అడగలేదు, అనుభవపత్రం అడగలేదు. ఏ దేశం బోర్డూ రాయని మాట బాల్‌పెన్నుతో చకచకా రాసుకుపోతున్నాడు. సరిత వంతు వచ్చింది. "మొన్నటిదాకా అసోసియేట్‌ని," అంది. "హెల్పర్ అని రాయండి."

"ఎలక్ట్రీషియన్లు ముప్పై ఏడుగురు," అని గీత గీయబోయాడు కానిస్టేబుల్.

"ముప్పై ఎనిమిది," అంది వసంత. "స్వామి. ఎలక్ట్రీషియన్. రాయుండ్రి సార్."

"ఏడున్నడమ్మా?"

ఆమె వెలుగుతున్న బోర్డు చూపించింది.

ఎస్సై విసుక్కున్నాడు. "పోయినోన్ని అరెస్ట్ ఎట్ల చేస్తరమ్మా? ఎక్కుండ్రి, ఎక్కుండ్రి."

వ్యాను మెట్టు మీద పెట్టిన కాలు నరేందర్ కిందికి దించాడు. "పోయినోనికి పని రాదని రాసిండ్రు సార్. వచ్చని రాస్తే మీదేం బోతది? ఆ పేరు రాస్తేనే ఎక్కుతం."

అప్పటికే ఎక్కి కూర్చున్న బాలు అందరికన్నా ముందు దిగాడు. వెనకాలే మిగతావాళ్లు.

వెనక సిగ్నల్ దాకా హారన్లు మోగుతున్నాయి. కానిస్టేబుల్ పెన్ను ఖాళీ గీత మీద ఆగింది. ఎస్సై ఎవరికో ఫోన్ చేశాడు. కాసేపటికి డ్రైవర్ వ్యాను ఇంజిన్ ఆపేశాడు.

ముప్పై ఏడుగురు మళ్లీ ఫుట్‌పాత్ మీద కూర్చుని, తలా ఒక కొత్త వైరు ముక్క తీసుకుని, పళ్ల మధ్య పెట్టుకున్నారు.