గడప దాటిన సూక్ష్మజీవి

"పైకి పోయి నిస్సీ దగ్గర రోంత తోడు తెచ్చుకో మ్మే. నీది తోడు గాదు, తుమ్మజిగురు," అంది అత్త విశ్వాసమ్మ, గిన్నెలోంచి చెంచా పైకెత్తి, తీగలా సాగిన పెరుగును కిటికీ వెలుతురుకు పట్టి చూపిస్తూ.

మహిమ గిన్నె అందుకుంది. కల్లూరులోని ఆ ఇంట్లో సాయంత్రమయ్యేసరికి ఆమెకు మిగిలే పనుల్లో అన్నిటికన్నా తేలికైనది ఇదే, అన్నిటికన్నా బరువైనదీ ఇదే. మెట్లెక్కాలి, తోడికోడలి వాకిట నిలబడాలి, అడగాలి. పొద్దంతా తరగతిలో నిలబడిన కాళ్ళు నొప్పి పెడితే ఆమె ఓర్చుకోగలదు. ఈ అడగడం మాత్రం లోపలెక్కడో మండేది. డిగ్రీ కాలేజీలో ఆమె చెప్పేది సూక్ష్మజీవశాస్త్రం. పాలను పెరుగు చేసే జీవులను ఆమె బోర్డు మీద గీస్తే పిల్లలు ఫోన్లెత్తి ఫోటో తీసుకుంటారు. ఆ జీవులే ఇంట్లో ఆమె మాట వినవు. చర్చిలో ఆడవాళ్ళ కూటం ముగిశాక విశ్వాసమ్మ చెప్పుకునే నవ్వుల కబురు ఇదే: "మా పెద్దకోడలు పురుగులకు సదువు చెప్తాది. అవి మాత్రం మా సిన్నకోడలి మాట ఇంటాయి."

నిస్సీ తోడుపెట్టిన పెరుగు గిన్నె బోర్లించినా కదలదు. కత్తితో కోసి ముక్కలుగా వడ్డించవచ్చని క్రాంతి కుమార్ అంటాడు. భర్త ఆ మాట అన్న ప్రతిసారీ మహిమ అన్నంలో వేళ్ళు ఆగిపోయేవి. అసూయ అని పేరు పెట్టుకోవడానికి ఆమె చదువు ఒప్పుకోలేదు, అలసట అని పెట్టుకుంది. కానీ అలసటకు కళ్ళుండవు, దీనికి ఉన్నాయి. నిస్సీ పొద్దున తొందర లేకుండా జడ వేసుకోవడం ఆ కళ్ళు చూశాయి. నిస్సీ దాహమైతే చెంబెత్తి గటగటా తాగడం చూశాయి. తాగిన నీళ్ళకు తర్వాత ఎవరినీ తాళంచెవి అడగనక్కరలేని ఆ నిబ్బరాన్ని, అన్నిటికన్నా ఎక్కువగా, అదే పనిగా చూశాయి.

ఎందుకంటే కాలేజీలో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం ఉంటుంది. పిల్లలు పాడు చేస్తారని వేసిన తాళం. దాని చెవి ఆఫీసు సూపరింటెండెంట్ రామకృష్ణ సొరుగులో ఉంటుంది. గుమాస్తాలందరూ తలెత్తి చూస్తుండగా అతని బల్ల ముందు నిలబడాలి. "మళ్ళానా మేడం? ఇందాకనే గదా తీస్కపోయింది," అంటాడతను. పరుషంగా కాదు, జాలి కలిపి. ఆ జాలి భరించలేక మహిమ నీళ్ళు తాగడం మానేసింది. పగలు తాళంచెవి అడగకుండా తప్పించుకోగలిగింది గానీ, సాయంత్రం తోడు అడగడం మాత్రం తప్పించుకోలేకపోయింది.

మార్చి ఎండలు ముదిరే రోజుల్లో ఆమెకు చలిజ్వరం వచ్చింది. పొత్తికడుపులో నొప్పి, మూత్రంలో మంట. డాక్టర్ స్వర్ణలత పరీక్షలు చేయించి, ఈ-కోలై అని చెప్పింది. పేగుల్లో పుట్టినప్పటి నుంచీ మనతో కాపురముండే జీవేననీ, అక్కడున్నంతసేపు హాని చేయదనీ, మూత్రనాళంలోకి చేరితేనే జబ్బనీ చెప్పి, పగలు నీళ్ళు తాగరా అని అడిగింది. మహిమ చెప్పేలోపే పక్కన కూర్చున్న క్రాంతి కుమార్ నవ్వాడు.

"ఇది నీ పాఠమే గదా మహిమా. ఇంట్లో ఉన్నంతకాలం మేలు, గడప దాటితే కీడు."

ఆ వాక్యం నిజంగా ఆమెదే. మేలు చేసే జీవులకూ రోగం తెచ్చే జీవులకూ తేడా పిల్లలకు గుర్తుండాలని, కొన్ని రకాలకు రెండు ముఖాలుంటాయని అర్థం కావాలని, కూర తరుగుతూ తరుగుతూ కట్టిన వాక్యం. పిల్లలు దాన్ని పాటలా చెప్పుకున్నారు, పరీక్షలో రాశారు. ఆ సంతోషం పట్టలేక ఆ రోజు మొగుడికి చెప్పింది. చెప్పిన మాట ఇప్పుడు అతని చేతిలో కర్ర అయింది.

ఇంటికి వచ్చేదాకా అతను ఆ కర్ర దించలేదు. బయట తిరిగితే ఒళ్ళు పాడు కాక ఏమవుతుందన్నాడు. తను ట్రాక్టర్ల షోరూములో సంపాదించేది చాలదా అన్నాడు. నిస్సీని చూడమన్నాడు, ఎప్పుడన్నా మూలిగిందా అన్నాడు. చివరికి, "ఈ నెలతో చాలు. సోమవారం నేనే మీ ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి చెప్తా," అన్నాడు, కొళాయి కట్టేసినంత మామూలుగా.

విశ్వాసమ్మకు అర్థమైనది క్రిములు అన్న ఒక్క మాటే. పెద్దకోడలి గ్లాసు వేరుగా పెట్టింది. పాలు ముట్టవద్దంది, ఇకమీదట ఇంటిల్లిపాదికీ నిస్సీయే తోడుపెడుతుందంది. అడగవలసిన పని తప్పినందుకు ఊపిరి పీల్చుకోవాలి. కానీ మహిమకు ఊపిరి ఆడలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు కోడళ్ళు: ఒకరు మేలు చేసే రకం, ఒకరు రోగం తెచ్చే రకం. ఈ పట్టిక గీసింది ఎవరో కాదు, తన సుద్దముక్కే.

ఆ సాయంత్రం మహిమ, అంతకుముందు తోడు తెచ్చుకున్న నిస్సీ గిన్నె తిరిగి ఇవ్వడానికి పైకి వెళ్ళింది. అడుగున తన పెరుగు ఇంకా అంటుకునే ఉంది, చెంచా అందులోనే ఉంది. నిస్సీ తోడుపెట్టిన పాలు, రాత్రికి కింద వంటగదికి దించవలసినవి, పొయ్యి గట్టు మీద గోరువెచ్చగా ఉన్నాయి. "ఈ పాలు చూస్తా ఉండక్కా, పిల్లి వస్తాది. బట్టలు తీసుకోనొస్తా," అని నిస్సీ దండెం వైపు పోయింది. మహిమ చూస్తూ ఉంది. తర్వాత చెంచా ఎత్తింది. జిగురు తీగను పాలలో ముంచి, నురుగు చెదరకుండా మెల్లగా తిప్పింది. ఆ జీవుల వల్ల ఎవరికీ కడుపునొప్పి కూడా రాదని ఆమెకు తెలుసు. హాని లేని జీవి, హాని కోరిన చెయ్యి. మెట్లు దిగుతుంటే మొదటిసారి ఆమె కాళ్ళు తేలికగా ఉన్నాయి.

మరునాడు మధ్యాహ్నం విశ్వాసమ్మ పెరుగు వడ్డించబోయింది. గరిటె నుంచి గిన్నెదాకా తీగ సాగింది. అందరూ దాన్నే చూశారు. విశ్వాసమ్మ గరిటె పెట్టేసి, నిన్న చెయ్యి కడుక్కున్నావా అని నిస్సీని అడిగింది. ప్రార్థన చేసుకున్నావా అని అడిగింది. మనసులో ఏం పెట్టుకుని తోడేశావు అని అడిగింది. సెలవు దినమని ఇంట్లోనే ఉన్న నిస్సీ మొగుడు శామ్, అన్నం ముందు నుంచి లేచిపోయాడు. బేతంచెర్ల నాపరాళ్ళ ఫ్యాక్టరీలో రాళ్ళకు నునుపు పెట్టి వచ్చేవాడికి కాస్త పెరుగన్నం కూడా సరిగా పెట్టలేదని అతని కోపం. నిస్సీ గిన్నె తీసుకుని పైకి పోయింది.

మహిమ గెలిచింది. ఆ గెలుపు నోట్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది, మింగుడుపడలేదు. చివరికి జ్వరపు ఒంటితోనే పైకి వెళ్ళింది.

పెళ్ళయ్యాక ఆ గదికి ఆమె పగటిపూట రావడం అదే మొదలు. సాయంత్రాలు వాకిట నిలబడి తోడు తీసుకుని దిగిపోవడమే గాని, ఎండవేళ లోపలికి అడుగు పెట్టింది లేదు. మిద్దె మీద చిన్నకొడుకు కోసం రేకులు దింపి కట్టిన గది అది. గడపలోనే వేడి ముఖానికి కొట్టింది. రేకులు చిటచిటమంటున్నాయి. ఫ్యాను తిరుగుతూ నిప్పుల గాలిని అటు నుంచి ఇటు మారుస్తోంది. నిస్సీ తడిపిన చీర ఒకటి మీద కప్పుకుని నేల మీద పడుకుని ఉంది. పక్కన చెంబు.

"చెంచా నాది," అంది మహిమ.

"తెలుసక్కా. తీగ సాగేది నీ గిన్నెలోనే గదా," అంది నిస్సీ, లేవకుండానే. చెంబు పక్కకు జరిపి, "నాకు కోపం దానికి గాదు. నా చేతిలో ఏం లేదని నీకు తెలుసు. సదువుకున్న దానివి. ఈ కొంపలో పాలు గడ్డ కట్టక ఏం చేస్తాయి? నేనే గడ్డ కడతాండా. ఒక్కనాడన్నా అత్తకు చెప్పింటే బాగుండు," అంది.

మహిమ గోడకు చేరగిలబడింది. అవును, తెలుసు. కింద వంటగది చల్లన, చల్లటి పాలలో జిగురుజీవులు పెరుగుతాయి. వేడిలో పెరుగుజీవులు గెలుస్తాయి. ఇది చేతి గుణం కాదు, గది గుణం. చెబితే కుళ్ళుతో అంటోందనుకుంటారని చెప్పలేదు. కుళ్ళు కాబట్టే చెప్పలేదు. తను అసూయపడిన చెంబెడు నీళ్ళు నిబ్బరం కాదు, ఒళ్ళు కాలకుండా కాపాడుకునే ఉపాయం. మేలు చేసే రకాన్ని ఈ ఇల్లు ఎలా పెంచుతుందో ఆమె ఇప్పటికి చూసింది. మూత పెట్టి, వేడిలో ఉంచి, కదపకుండా.

ఆమె నిస్సీ చెయ్యి పట్టి లేపింది. ఇద్దరూ మెట్లు దిగి, కింద హాల్లో ఫ్యాను కింద కూర్చున్నారు. విశ్వాసమ్మ ఏమిటన్నట్టు చూసింది.

"ఆ చేతిలో ఏమీ లేదత్తా, అంతా ఆ రేకులు చేసే పని," అంది మహిమ. "ఇంక పాలు పైన పెడదాం. నిస్సీ కింద ఉంటాది."

విశ్వాసమ్మ లేచి ఫ్యాను వేగం పెంచింది. నిస్సీ మెడ మీద ఎర్రగా పొక్కిన చెమటకాయలు ఆమెకూ అప్పుడే కనిపించాయి కాబోలు.

సోమవారం పొద్దున జ్వరం తగ్గింది. ఫోన్ చేతిలోకి తీసుకుంటున్న క్రాంతి కుమార్‌తో, "నువ్వు చెయ్యద్దు. నా మాట నేనే చెప్పుకుంటా," అని మహిమ చెప్పులు తొడుక్కుంది. అతను మరొకసారి ఆమె పాఠం ఆమెకే గుర్తు చేశాడు. ఆమె షేర్ ఆటో ఎక్కింది.

కాలేజీలో నేరుగా ఆఫీసులోకి వెళ్ళింది. రామకృష్ణ సొరుగు లాగుతూ నవ్వబోయాడు. మహిమ తాళంచెవి తీసుకుని తన చేతిసంచిలో వేసుకుంది. తిరిగి ఎప్పుడిస్తారు మేడం అని అతను అడిగాడు. ఇవ్వనని ఆమె చెప్పింది.

తరగతిలో సీసా మూత తీసి, అందరూ చూస్తుండగా సగందాకా నీళ్ళు తాగింది. ఆ తర్వాత ఆడపిల్లల వరుస వైపు తిరిగింది.

"ఇంట్లో ఉన్నంతకాలం మేలు, గడప దాటితే కీడు అని రాసుకున్నారు గదా. కొట్టేయండమ్మా. తప్పు చెప్పాను. గడప దాటినందుకు ఆ జీవి రోగమవలేదు. పారవలసిన నీటిని పారనీయకుండా ఆపిపెట్టినందుకు అయింది."

ఆమె సంచిలోంచి తాళంచెవి తీసి బల్ల మీద, అందరికీ అందేచోట పెట్టింది.

"ఇకమీదట ఎవరూ అడగక్కరలేదు."