బుధవారం మీటింగు

స్కూలు బోర్డు అధ్యక్షుడు ప్రెస్కాట్ లైల్ ఫోన్ చేసి, "ఏమయ్యా వెర్డెల్, మీటింగు బుధవారం సాయంత్రం పెడదాం, నీకు వీలేనా?" అని అడిగాడు. వెర్డెల్ మోస్బీ ముందూ వెనకా చూడకుండా వీలేనన్నాడు. పొయ్యి దగ్గర బెండకాయలు వేయిస్తున్న భార్య కొరీన్, ఆ పూట బైబిలు క్లాసు కదా అని గుర్తుచేసింది. వెర్డెల్ వినపడనట్టు పేపరు తిరగేశాడు.

పైకి ఆ మాట ఎంత మామూలుగా ఉందో చూశారు కదా! కానీ అమెరికా దక్షిణాన ఉన్న ఆ డెల్టా ఊళ్లో బుధవారం సాయంత్రమంటే నల్లవాళ్లంతా చర్చిలో ఉంటారు. ఆ సంగతి లైల్‌కు బాగా తెలుసు, వెర్డెల్‌కు ఇంకా బాగా తెలుసు. ఆ మీటింగులో తేలాల్సింది జిల్లా బడులన్నిటికీ పెద్దగా, అంటే సూపరింటెండెంటుగా, ఎవరు కూర్చోవాలన్నది.

ఆ బడుల్లో చదివేది దాదాపు అందరూ నల్లపిల్లలే. తెల్లవాడైన లైల్ మనవలు ఊరవతల ప్రైవేటు అకాడమీకి వెళతారు. రెండు రంగుల పిల్లలూ ఒకే గదిలో కూర్చోవాలని కోర్టు చెప్పిన ఏడాదే ఆ అకాడమీ వెలిసింది. అయినా ఈ బడుల బోర్డులో కుర్చీ మాత్రం ఆయన వదల్లేదు. తాను ముట్టని వంటలో ఉప్పు తానే వేస్తానని పట్టుబట్టే మనిషిని ఏమనాలో మీరే చెప్పండి.

పోటీలో ఇద్దరున్నారు. ఒకరు జునీటా టాలివర్. ఆ బడుల్లోనే చదివి, అక్కడే పంతులమ్మయి, ప్రిన్సిపాలయింది. బయటినుంచి తెచ్చినవాళ్లు మధ్యలో వదిలేసి పోయినప్పుడల్లా ఆమెనే ఆ కుర్చీలో కూర్చోబెట్టారు, గండం గడవగానే లెమ్మన్నారు. రెండోవాడు కెస్లర్, లైల్ తెచ్చిన తెల్లాయన. ఇద్దరికీ డాక్టరేట్లున్నాయి. లైల్ నోట మాత్రం ఆయన 'డాక్టర్ కెస్లర్', ఈమె వట్టి 'జునీటా'.

బోర్డులో అయిదుగురు. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. మిగిలింది వెర్డెల్. అతను నల్లవాడే, ఆ ఊళ్లో చనిపోయిన నల్లవాళ్లందరికీ అంత్యక్రియలు జరిపించేవాడు. ఆ వ్యాపారం తండ్రి పెట్టింది. ఆ తండ్రిని నల్లవాడని సర్కారు కచేరీకి వెనక తలుపు గుండా రమ్మనేవారు. కొడుకు భుజం మీద మాత్రం లైల్ చెయ్యి వేసి, "నువ్వు సమంజసం తెలిసినవాడివి" అంటుండేవాడు. ఆ మాట వెర్డెల్‌కు తీపిగా ఉండేది. అతన్ని మరీ తిట్టుకోకండి. తరాలుగా వెనక తలుపు దగ్గర నిలబడ్డ ఇంటివాడికి ముందు గదిలో కుర్చీ వేస్తే, దాన్ని పోగొట్టుకోవాలంటే భయంగానే ఉంటుంది.

బుధవారం వచ్చింది. హాల్లో ఖాళీ కుర్చీలు చూసి లైల్ చేతులు రుద్దుకుని, త్వరగా కానిచ్చేద్దామన్నాడు. అంతలో తలుపు తెరుచుకుంది. కొరీన్ కబురు మోసిందేమో, పాస్టరుగారు బైబిలు క్లాసును క్లాసుగానే వెంటబెట్టుకొచ్చారు. ఇవాళ్టి పాఠం ఇక్కడేనని చెప్పి కూర్చున్నారు.

ఆగస్టు ఉక్క. ఆడవాళ్లు సంచుల్లోంచి చర్చి విసనకర్రలు తీశారు. ఆ అట్ట విసనకర్రలు వెర్డెల్ ప్రతి ఏడూ పంచేవే. ఒకవైపు పిల్లలతో ఏసుప్రభువు, రెండోవైపు 'మోస్బీ అండ్ సన్' అన్న అక్షరాల కింద అతని తండ్రి ఫోటో. ఏ వరుస చూసినా తండ్రి ముఖమే కదులుతోంది. వెర్డెల్ తల దించుకున్నాడు.

మాట్లాడటానికి లేచింది లూటీ క్రెన్‌షా, ఒకటో తరగతి చెప్పి రిటైరైన ముసలావిడ. క్లుప్తంగా కానివ్వమని లైల్ గడియారం చూపించాడు.

"మీకు నేను చదువు చెప్పలేదు బాబూ, మీతో నాకు పని లేదు" అందావిడ. "వెర్డెల్‌కి చెప్పాను, వాడితోనే మాట్లాడతాను. ఏరా నాయనా, మేం చచ్చాక ఏ గౌను తొడగాలో, ఏ పాట పాడాలో మా ఇళ్లకొచ్చి అడిగి మరీ వెళ్తావే! బతికున్న మా పిల్లలకి పెద్దెవరో తేల్చేందుకు మాత్రం, మేం ఉండని పూట చూసుకున్నారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. వెర్డెల్‌కు ఏడుపొచ్చినంత పనయింది. తాను ఇన్నాళ్లూ కాపాడుకుంటున్నది కుర్చీని కాదని, లైల్ మెప్పునని అతనికి అప్పుడు తెలిసింది.

ఓట్ల దగ్గరికొచ్చేసరికి రెండూ రెండూ అయ్యాయి. "నీదేమిటి వెర్డెల్?" అన్నాడు లైల్.

అతను లేచి నిలబడ్డాడు. "ఈ బుధవారానికి ఊ కొట్టింది నేనే. తప్పయింది" అని జనంకేసి చెప్పి, అధ్యక్షుడివైపు తిరిగాడు. "నా ఓటు డాక్టర్ జునీటా టాలివర్‌కి."

విసనకర్రలు ఆగిపోయాయి. వెనక వరుసలో టాలివర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"సమంజసం తెలిసినవాడివనుకున్నాను" అన్నాడు లైల్ కాగితాలు సర్దుకుంటూ.

"ఇప్పుడే తెలిసిందండి" అన్నాడు వెర్డెల్. "ఎవరి పిల్లలు ఆ బడికి వెళ్తారో, ఆ బడికి పెద్దెవరో చెప్పాల్సింది వాళ్లే. వాళ్లని అడక్కుండా పెట్టిన పెద్ద, పెద్ద కాదు."